రాసేది డాల్‌జీల్, పిలిచేది డీయెల్: ఒక స్కాటిష్ ఇంటిపేరు కథ

డి, ఏ, ఎల్, జెడ్, ఐ, ఈ, ఎల్. ఈ ఏడు ఇంగ్లీషు అక్షరాలు వరుసగా పెట్టి మన పిల్లలను చదవమంటే ఏమంటారు? డాల్‌జీల్ అనో, డాల్జియల్ అనో అంటారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా అంతే. కానీ స్కాట్లాండులో ఆ ఇంటిపేరున్న పాత కుటుంబాల్లో దాన్ని పలికే తీరు "డీయెల్". నడుమ జెడ్ వినపడదు, మొదటి ఎల్ కూడా వినపడదు. ఏడు అక్షరాల్లో రెండు ఊరికే కూర్చుని ఉన్నాయి.

అక్షరం ఒకటి, నోరు ఒకటి అయినప్పుడు ఇంటిపేరుకు ఏమవుతుందో చూడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. తెలుగుదేశం బయట తరాలుగా వేరే లిపుల మధ్య బతుకుతున్న మనకు ఇది పరాయి కథేం కాదు. ముందు వాళ్ళ సంగతి చూద్దాం.

మన ఇంటిపేర్లలో ఎన్నో ఊరిపేర్లే అయినట్టు, ఇదీ మొదట ఊరిపేరే. గ్లాస్గోకు ఆగ్నేయంగా, క్లైడ్ నది పక్కన, లానార్క్‌షైర్‌లో మదర్‌వెల్ అనే ఊరుంది. ఆ చోటు పాతపేరు డీయెల్. అక్కడి భూమిని ఏలుకున్న కుటుంబం ఆ పేరునే ఇంటిపేరుగా పెట్టుకుంది. 13వ శతాబ్దం చివరికే ఈ పేరు కాగితాల్లో కనపడుతుంది. అర్థం గురించి ఎక్కువగా చెప్పే మాట ఇది: గేలిక్ నుడిలో "దాల్" అంటే నదిపక్క మడి, "గ్యల్" అంటే తెలుపు, రెండూ కలిసి "తెల్లమడి". మన వైపు తెల్లచేను, నల్లచేను అన్నట్టే.

అయితే ఇంటివాళ్ళకు ఇంత చప్పటి అర్థం చాలదు గదా. వాళ్ళు ఇంకో కథ చెప్పుకుంటారు. కెన్నెత్ అనే పాతకాలపు రాజుకు దగ్గరివాణ్ణి ఒకణ్ణి శత్రువులు ఉరితీసి వేలాడదీశారట. ఆ శవాన్ని దించుకొచ్చేవాడికి బహుమానం ఇస్తానన్నాడు రాజు. అందరూ వెనక్కి తగ్గితే ఒక్కడు ముందుకొచ్చి "నాకు ధైర్యముంది" అన్నాడట. ఆ మాటే ఆనాటి పలుకుబడిలో డీయెల్ అట! ఈ వంశపు డాలు మీద ఇప్పటికీ ఒక దిసమొల మనిషి బొమ్మ ఉంటుంది, వాళ్ళ వంశ నినాదానికి అర్థం కూడా "నేను తెగిస్తాను" అనే. ఊరిపేరు ముందు పుట్టి, కథ వెనక పుట్టిందని వేరే చెప్పక్కర్లేదు. రాజు వేటకొచ్చాడు, కుందేలు కుక్కను తరిమింది, అందుకే ఈ ఊరికి ఈ పేరు అని మన స్థలపురాణాలు చెప్పడం లేదా? ఇదీ ఆ తోవే.

ఇక అసలు చిక్కు. ఆ జెడ్ ఎక్కణ్ణుంచి వచ్చింది?

నడిమి కాలపు ఇంగ్లీషులోనూ, స్కాటుల నుడిలోనూ ఒక అక్షరం ఉండేది, దాని పేరు "యోఖ్". చూడ్డానికి మన 3 అంకెను గీతకు కిందికి దించి రాసినట్టు ఉంటుంది. దాని ముఖ్యమైన పలుకు "య". ఎల్ తరువాతా ఎన్ తరువాతా వస్తే ఆ హల్లును కాస్త య వైపు తిప్పుతుంది, "ల్య", "న్య" అన్నట్టు. అప్పట్లో మన పేరును డ, ఆ, ల, ఆ తరువాత ఈ యోఖ్‌తో రాసేవాళ్ళు. పలుకు "దాల్యెల్"కు దగ్గర. ఇంతవరకూ రాతా నోరూ ఒకటే.

ఇంగ్లండులో ఈ అక్షరాన్ని తొందరగానే వదిలేసి, దాని బదులు వై, జీ, లేకుంటే జీ-హెచ్ కలిపి రాయడం మొదలుపెట్టారు. స్కాటులు మాత్రం దాన్ని పట్టుకొని వేలాడారు. కానీ అక్కడి లేఖకులు చేతిరాతలో యోఖ్‌నూ తోక వేసిన జెడ్‌నూ దాదాపు ఒకే మాదిరి రాసేవాళ్ళు. దీనికి తోడు అచ్చు యంత్రం వచ్చింది. ఎడింబరోలో చెప్‌మన్, మిల్లర్ అనే ఇద్దరు 1508లో మొదటిసారి పుస్తకాలు అచ్చేశారు. సీసపు అక్షరాల పెట్టెలు ఐరోపా నుంచి వచ్చినవి. ఆ పెట్టెల్లో యోఖ్ ఎక్కడుంటుంది? దగ్గరగా కనపడేది జెడ్, దాన్నే పెట్టేశారు. చదివేవాళ్ళకు సంగతి తెలుసు కాబట్టి జెడ్‌ను చూసి "య" అనే చదువుకున్నారు. రెండు మూడు తరాలు గడిచాక ఆ సంగతి తెలిసినవాళ్ళు తగ్గారు, జెడ్ మాత్రం నిలిచిపోయింది.

మొదటి ఎల్ పోవడం వేరే కథ. స్కాటుల పలుకుబడిలో అ తరువాత వచ్చే ఎల్ నీళ్ళైపోతుంది. బాల్‌ను వాళ్ళు "బా" అంటారు, ఫుట్‌బాల్ వాళ్ళకు "ఫిట్‌బా". అదే తీరున దాల్యెల్ నానుతూ నానుతూ డీయెల్ అయింది. నోరు తన దారిన తాను ముందుకు పోయింది, కాగితం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. పాత కాగితాల్లో ఈ ఒక్క పేరుకే పదుల కొద్దీ స్పెల్లింగులు దొరకడానికి కారణం ఇదే. ఒకరు జెడ్ పెట్టారు, ఒకరు వై పెట్టారు, ఒకరు రెండు ఎల్‌లు పెట్టారు. మదర్‌వెల్‌లోనే చూడండి: అక్కడి హైస్కూలు పేరులో ఒక స్పెల్లింగు, 1872లో మొదలైన ఉక్కు కర్మాగారం పేరులో ఇంకొకటి. ఊరు ఒకటే!

ఈ ఇంటిపేరు పెద్ద గుంపుది కాదు. స్మిత్, బ్రౌన్, క్యాంప్‌బెల్ మాదిరి వీధికొకటి దొరకదు. లానార్క్‌షైర్ దాని పుట్టిల్లు, దక్షిణాన డంఫ్రీస్ వైపు ఒక కొమ్మ పోయింది. పెద్ద కొమ్మ 1639లో కార్న్‌వాత్ ఎర్ల్ బిరుదు అందుకుంది. 1715 జాకబైట్ తిరుగుబాటులో ఓడిన పక్షాన నిలిచి ఆ బిరుదు పోగొట్టుకుంది, ఒక వందేళ్ళు దాటాక తిరిగి సంపాదించుకుంది. చివరికి 1941లో వారసులు లేక ఆ బిరుదు ముగిసింది. మదర్‌వెల్ దగ్గరి పాత భూమి అంతకు చాలా ముందే, 17వ శతాబ్దం నడుమ, హామిల్టన్ల చేతికి పోయింది.

జెడ్ వదిలేసి వైతో రాసుకునే కొమ్మ ఒకటుంది. ఎడింబరోలో వ్యాపారం చేసిన ఒకాయన 1612లో వెస్ట్ లోథియన్‌లోని బిన్స్ అనే ఎస్టేటు కొన్నాడు. ఆయన కొడుకే జనరల్ టామ్ డీయెల్ (1615–1685). మొదటి ఛార్లెస్ రాజుకు తలతీశారన్న దుఃఖంతో గడ్డం గీయనని పట్టుబట్టి అట్లే పెంచాడు. లండన్ టవర్ చెర నుంచి తప్పించుకుని రష్యా జారు సైన్యంలో చేరాడు. తిరిగొచ్చి 1681లో స్కాట్స్ గ్రేస్ అనే గుర్రపు దళాన్ని నిలబెట్టాడు. కవెనెంటర్లను అణచినందుకు జనం ఆయన్ను "నెత్తుటి టామ్" అన్నారు, సైతానుతో పేకాడాడని కథలు కట్టారు. మన కాలంలో అదే పేరుతో అదే ఇంటి మనిషి (1932–2017) నలభై ఏళ్ళకు పైగా బ్రిటిష్ పార్లమెంటులో కూర్చున్నాడు. స్కాట్లాండుకు వేరే సభ వస్తే, అక్కడి ఎంపీలు ఇంగ్లండు సంగతుల మీద ఓటెయ్యడం ఎట్లా న్యాయం అని 1977లో ఆయన వేసిన ప్రశ్నకు "వెస్ట్ లోథియన్ ప్రశ్న" అని పేరు పడింది. ఈయన సంగతిలో మనవాళ్ళకు నచ్చే ముచ్చట ఇంకొకటి ఉంది. డీయెల్ వంశం ఆయన తల్లిది. తండ్రి ఇంటిపేరు లాక్. తండ్రి 1938లో తన పేరు పక్కన పెట్టి భార్య ఇంటిపేరు తీసుకున్నాడు. అచ్చంగా ఇల్లరికమే!

సముద్రం దాటిన కొమ్మల కథ ఇంకో రకం. 17వ శతాబ్దంలో స్కాటులు గుంపులుగా ఉత్తర ఐర్లండుకు పోయి నిలిచారు, అక్కడి నుంచి అమెరికాకు పోయారు. అట్లా పోయినవాళ్ళలో ఎక్కువగా కనపడేది జెడ్, ఈ, రెండు ఎల్‌ల స్పెల్లింగు. కొత్త ఊళ్ళో పేరు ముందు కాగితం మీద కనపడుతుంది, తరువాతే చెవిన పడుతుంది. బడి పంతులు చూసి "డాల్జెల్" అన్నాడు, గుమాస్తా కూడా అట్లే అన్నాడు. రెండు తరాలకు ఇంట్లోవాళ్ళే అట్లా అనుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ డాల్జెల్ అనడమే వాడుక, దాన్ని తప్పనడానికి లేదు, అది వాళ్ళ పేరు. ఇంకొందరు తెలివిగా చెవిన పడినట్టే డి, ఈ, వైలతో రాసుకున్నారు. ఇంగ్లండులో రెజినాల్డ్ హిల్ అనే నవలాకారుడు 1970 నుంచి రాసిన పోలీసు కథల్లో హీరోకు ఈ ఇంటిపేరు పెట్టాడు. బీబీసీ దాన్ని టీవీకి ఎక్కించాక లక్షలమందికి డీయెల్ అనే పలుకు మొదటిసారి తెలిసింది. ఒక అచ్చక్షరం చెడగొట్టినదాన్ని టీవీ కొంత సరిచేసిందన్నమాట.

ఈ యోఖ్ దెబ్బ తిన్నది డీయెల్ ఒక్కటే కాదు. ఎం, ఈ, ఎన్, జెడ్, ఐ, ఈ, ఎస్ అని రాసే ఇంటిపేరు స్కాట్లాండులో "మింగిస్". ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన పేరిది, ఇంగ్లండులో దీని అన్నదమ్ముల ఇంటిపేరు "మానర్స్". ఆస్ట్రేలియా ప్రధాని రాబర్ట్ మెంజీస్‌ది ఇదే ఇంటిపేరు. ఆయన పలికింది జెడ్‌తోనే, అయినా జనం పెట్టిన ముద్దుపేరు మాత్రం పాత పలుకు నుంచి వచ్చిన "మింగ్". షెట్‌లాండ్ దీవులను కూడా యోఖ్ బదులు జెడ్ పెట్టి "జెట్‌లాండ్" అని రాసేవాళ్ళు. 1975 దాకా అక్కడి పాలకమండలి పేరు అదే. ఇప్పటికీ ఆ దీవుల పోస్టల్ కోడ్ జెడ్, ఈ అనే మొదలవుతుంది.

ఇక మూడో పేరు మన ఇంట్లోనే ఉంది. మెకంజీ. కైఫీయతులు చదివిన ఎవరికైనా తెలిసిన పేరే. లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టి, 1783లో మద్రాసుకు వచ్చి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ. గేలిక్‌లో అది "మాక్ కొయిన్యిఖ్", కొయిన్యఖ్ కొడుకు అని. పాత స్కాటుల నోట అది "మెకింగి"కి దగ్గరగా ఉండేది, యోఖ్ పోయి జెడ్ వచ్చాక "మెకంజీ" అయింది. ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయన దగ్గర పనిచేసి ఊరూరా కథలు, శాసనాలు పోగుచేశారు. మన నోటికి ఆ పేరు చేరింది జకారంతోనే. మన ఊరిపేర్ల పుట్టుకలన్నీ పోగుచేయించిన మనిషి ఇంటిపేరులోనే ఒక మాయమైన అక్షరం దాగుంది చూడండి!

ఇప్పుడు మన వైపు వద్దాం. తెలుగులోనూ ఒక అక్షరం పోయింది, ఱకారం కన్నా ముందే: ఴ. పాత శాసనాల్లో ఉంది, తరువాత లేదు. కానీ మన దగ్గర ముందు పలుకు పోయింది, దాని వెనకే అక్షరమూ పోయింది. తమిళంలో కోఴి, ఏఴు నిలిచాయి, మనకు కోడి, ఏడు అయ్యాయి. అందుకని ఇంటిపేరుకు పెద్ద దెబ్బ తగల్లేదు. తమిళ, మలయాళాల ఴను ఇంగ్లీషులో జెడ్-హెచ్ అని రాయడంతో తెలుగు పత్రికలు "కోజికోడ్" అని రాసే పరిస్థితి వచ్చింది, అది వేరే సంగతి. మళ్ళీ ఆ జెడ్డే!

మన ఇంటిపేర్లకు అసలు దెబ్బ పొరుగు లిపులతో తగులుతోంది. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం, ప, బలకు ఒకటే, ట, డలకు ఒకటే. పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మన్ వంశం పేరు మొదట "గెట్టి బొమ్ము" అనీ, తమిళంలో అది కట్టబొమ్మన్ అయిందనీ చెప్తారు. పెండ్లి పత్రిక తమిళంలో అచ్చేసి, దాన్ని చూసి ఆధార్‌లో ఇంగ్లీషు రాసుకుంటే "గొల్ల" కాస్తా కేతో మొదలవుతుంది. మహారాష్ట్రలో చిక్కు ఇంకొకటి. దేవనాగరిలో హ్రస్వ ఎ, ఒలు లేవు, కాబట్టి "బొల్లి" అక్కడ బోల్లి అవుతుంది, "చెన్న" చేన్న అవుతుంది. ఒరియాలోనూ అదే లోటు, పైగా అక్కడ అకారం ఒకారం వైపు జారుతుంది. యానాంలో ఫ్రెంచి గుమాస్తా ఉకారానికి రెండు అక్షరాలు పెట్టేవాడు, ఊరి పేరే "యనావొన్" అన్నట్టు రాశాడు. కర్ణాటకవాళ్ళు అదృష్టవంతులు, కన్నడ లిపిలో మన పలుకులన్నీ చక్కగా కూర్చుంటాయి.

వంశవృక్షం రాయించుకుంటున్నవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు, మంచిదే. అయితే అందరూ రేషన్ కార్డు, స్కూలు సర్టిఫికెట్టు చూసి రాస్తున్నారు. ఇంట్లో అవ్వో తాతో ఉంటే ముందు వాళ్ళ చేత ఇంటిపేరు నాలుగుసార్లు అనిపించి, ఫోన్‌లో రికార్డు చేసి, ఆ వినపడింది తెలుగు అక్షరాల్లో రాయండి. తెలుగు రాయను రాకుంటే తమిళంలోనే రాసి, పక్కన "గంగలో గ", "బావిలో బ" అని ఒక గుర్తు పెట్టుకోండి. కార్డులో ఉన్న స్పెల్లింగు కింద వేరే వరుసలో రాసుకోవచ్చు, అది కూడా కావాల్సిందే.