రాక్షస శబ్దము, రాక్షస జాతి

రాక్షసుల యుత్పత్తి పురాణేతిహాసములయం దొకే విధముగాఁ జెప్పఁబడలేదు. ఆ భేదములను బరిశీలించినచో, ఒక శబ్దము క్రమక్రమముగా నొక జాతియైన విధము తెల్లమగును.

ఋగ్వేదమున ఆద్యుదాత్తమైన రక్షశ్శబ్దము నపుంసకలింగము, అంతోదాత్తమైనది పుంలింగము. రెండును రాత్రులయందుఁ దిరిగి యజ్ఞములఁ జెఱచు హింసకశక్తులకుఁ బేళ్లు. వానికి వంశము లేదు, రాజ్యము లేదు. సప్తమ మండలమునందలి 104వ సూక్తమున నవి గుడ్లగూబ, కుక్క, గ్రద్ద మున్నగు రూపములఁ దాల్చునని కలదు. దేనినుండి తన్నుఁ గాపాడుకొనవలయునో యదియే రక్షస్సని యాస్కుని నిర్వచనము.

ఉత్తరకాండమున నీ యర్థము తలక్రిందైనది. అందు అగస్త్యుఁడు శ్రీరామునితోఁ జెప్పిన కథ యిది: ప్రజాపతి జలములను సృజించి, వాని రక్షణకై ప్రాణులను సృజించెను. రక్షింతుమన్నవారు రాక్షసులైరి, యక్షింతుమన్నవారు యక్షులైరి. ఇచ్చట రాక్షసుఁడు కావలివాఁడు. విష్ణుపురాణమున, ఆఁకలిగొని పుట్టినవారు బ్రహ్మపైకిఁ బరువెత్తఁగా, ఇతనిని రక్షింపవలయునన్నవారు రాక్షసులు, తిందమన్నవారు యక్షులు. భాగవత తృతీయస్కంధముననో, రక్షింపకుఁడు, భక్షింపుఁడని యఱచినవారే యక్షరాక్షసులు. ధాతు వొక్కటి, కథలు మూఁడు. నామము ముందుగా నుండఁగా, దానికిఁ దగిన కథలు పిదపఁ గల్పింపఁబడెనని దీనివలన నూహింపవచ్చును.

అసుర శబ్దముగతియు నిట్టిదే. ఋగ్వేదమున నది వరుణాది దేవతలకు గౌరవ విశేషణము. అవెస్తాలోని అహుర శబ్దము దీనికి సోదరము. పిమ్మట దేవశత్రువులకు రూఢమై, మొదటి యకారము నిషేధార్థకమని భ్రమింపఁబడఁగా, సుర శబ్దము పుట్టెను. వారుణిని గైకొన్నవారు సురలు, కొననివారు అసురులు అను బాలకాండ కథ యీ విభాగము ననుసరించినదే.

19వ శతాబ్దమునుండి కొందఱు పండితులు రాక్షసులనఁగా ఆర్యులు జయించిన దాక్షిణాత్యులో, అరణ్యవాసులో యని వ్రాసిరి. కావ్య మీ మాట నొప్పుకొనదు. రావణుఁడు బ్రహ్మమానసపుత్రుఁడగు పులస్త్యునకుఁ బౌత్రుఁడు, విశ్రవసునకుఁ గుమారుఁడు; యక్షరాజగు కుబేరుఁ డతనికి సవతియన్న. తల్లి కైకసి సుమాలి కూఁతురు. తెల్లవాఱుజామున హనుమంతుఁడు లంకలో షడంగవేదవిదుల వేదఘోషము వినెను. విభీషణుఁడు నా యింటివాఁడే. తిక్కన నిర్వచనోత్తర రామాయణమునందును రావణుఁడు పౌలస్త్యుఁడే. కావున నిచ్చట భేదము నడవడియందుఁ గాని నెత్తుటియందుఁ గాదు.

ఇది కేవలము శబ్దచర్చ గాదు. కొండలలోను, అడవులలోను నివసించు కుటుంబముల బిడ్డలును నేఁడు బడులలో రామాయణకథఁ జదువుచున్నారు. నీ పూర్వులే రాక్షసులను మాట, ప్రమాణము లేకయే, ఉపాధ్యాయుని నోట వెడలినచో, ఆ బిడ్డకుఁ గలుగు నవమానము నే వ్యాఖ్యానమును మాన్పఁజాలదు. పాఠము చెప్పునపుడు శబ్దచరిత్రను, వంశకథను వేఱువేఱుగాఁ జూపుట పండితధర్మము.