యజమాని లేని ప్రోగ్రామ్‌ను నిషేధించేదెలా?

2022 ఆగస్టు 8న అమెరికా ట్రెజరీ శాఖ తన ఆంక్షల జాబితాలోకి టోర్నడో క్యాష్‌ను ఎక్కించింది. ఉగ్రవాదులు, మత్తుమందుల ముఠాలు, వాళ్ల ఓడలు, బ్యాంకులు ఉండే జాబితా అది. టోర్నడో క్యాష్ మనిషీ కాదు, బ్యాంకూ కాదు. ఇథీరియం బ్లాక్‌చెయిన్ మీద నడుస్తూ, సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా చేసే ప్రోగ్రామ్. 2019 నుంచి 700 కోట్ల డాలర్లకు పైగా దాని ద్వారా తెల్లబడ్డాయనీ, వాటిలో 45.5 కోట్లు ఉత్తర కొరియా హ్యాకర్ల ముఠా లాజరస్ కొట్టేసిన సొమ్మేననీ ట్రెజరీ ప్రకటించింది. నిజానికి 700 కోట్లన్నది దాని గుండా వెళ్లిన సొమ్మంతా కలిపిన లెక్క. అందులో దొంగసొమ్ము కొంత భాగమే. మరి మిగతావాళ్లు ఎందుకు వాడినట్టు?

బ్లాక్‌చెయిన్‌లో అంతా గుట్టుగా జరుగుతుందనుకోవడం వట్టి అపోహ. పాస్‌బుక్కును నడివీధి గోడకు అంటించినట్టుంటుంది అక్కడి లెక్క. పేరుండాల్సిన చోట ఓ పొడవాటి అడ్రస్ ఉంటుంది, అంతే. అది మీదేనని ఒక్కరికి తెలిస్తే చాలు, ఎవరి నుంచి ఎంత వచ్చిందీ, ఎవరికి ఎంత పోయిందీ, ఇంకెంత మిగిలిందీ బయటపడుతుంది. ఇథీరియం సృష్టికర్తల్లో ఒకరైన విటాలిక్ బుటెరిన్, యుక్రెయిన్‌కు విరాళం పంపడానికి తానూ టోర్నడో క్యాష్ వాడానని బాహాటంగానే చెప్పారు.

అది పనిచేసే తీరు ముచ్చటగొలుపుతుంది. మీరు అందులో ఒక ఇథర్ (ఇథీరియం నాణెం) వేశారనుకోండి. మీ కంప్యూటర్ ఒక రహస్య సంఖ్యను పుట్టించి, దాని హ్యాష్‌ను, అంటే దాని నుంచి లెక్కగట్టిన వేలిముద్రలాంటి సంఖ్యను మాత్రమే ఇథర్‌తో పాటు పంపుతుంది. హ్యాష్‌ను చూసి రహస్యాన్ని రాబట్టడం అసాధ్యం. ఆ హ్యాష్ అందరికీ కనిపించే జాబితాలో చేరుతుంది. కొన్నాళ్లకు మీరు సరికొత్త అడ్రస్‌తో వచ్చి, జాబితాలోని ఏదో ఒక హ్యాష్ వెనుక రహస్యం మీకు తెలుసని నిరూపిస్తారు, అది ఏ హ్యాషో చెప్పకుండానే! జీరో నాలెడ్జ్ ప్రూఫ్ అంటే ఇదే. 1985లో షఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలీ, చార్లెస్ రాకాఫ్‌ల పరిశోధన పత్రంతో మొదలైన గణితం. ఒకే రహస్యంతో రెండోసారి తీసుకోకుండా, ఆ రహస్యం నుంచే పుట్టే మరో గుర్తు నమోదవుతుంది. ఇథర్లను 0.1, 1, 10, 100 చొప్పునే వేయాలి. 3.47 వేసి 3.47 తీస్తే ఇక దాచిందేముంది?

చిక్కల్లా సొమ్ము తీసుకునేటప్పుడు. కొత్త అడ్రస్‌లో లావాదేవీ రుసుముకు చిల్లిగవ్వ ఉండదు. పాత అడ్రస్ నుంచి తెచ్చి కడితే జాడ దొరికిపోతుంది. అందుకే రిలేయర్లనే మధ్యవర్తులు వచ్చారు. రుసుము తాము కట్టి, తమ వాటా పట్టుకుని మిగతాది చేరవేస్తారు. తర్వాత వచ్చిన కోర్టు గొడవలో సగం ఇక్కడే ఉంది.

2020 మేలో రూపకర్తలు అసలు ప్రోగ్రామ్‌ను మార్చే అధికారాన్ని శాశ్వతంగా వదులుకున్నారు. ఆ తర్వాత దాన్ని ఆపడం వాళ్ల తరం కూడా కాదు. ఆంక్షలు పడగానే ఎవరో ఆకతాయిలు టోర్నడో నుంచి టీవీ వ్యాఖ్యాత జిమ్మీ ఫాలన్ లాంటి ప్రముఖుల అడ్రస్‌లకు 0.1 ఇథర్ చొప్పున పంపేశారు. వచ్చే సొమ్మును వద్దనే వీలు అడ్రస్‌కు ఉండదు. కూర్చున్నచోటే వాళ్లంతా ఆంక్షలు ఉల్లంఘించినట్టయింది! అలాంటి వాటి వెంట పడటానికి ప్రాధాన్యం ఇవ్వబోమని ట్రెజరీ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

ఆరుగురు వాడకందారులు క్రిప్టో ఎక్స్ఛేంజీ కాయిన్‌బేస్ అండతో ట్రెజరీపై దావా వేశారు. ఆంక్షలకు ఆధారం 1977 నాటి చట్టం. విదేశీయులకు ప్రమేయమున్న ఆస్తిని స్తంభింపజేసే అధికారం అది ఇస్తుంది. ఆస్తి అంటే ఒకరు సొంతం చేసుకోగలిగినది, ఇతరులను అడ్డుకోగలిగినది. మార్చడానికి వీల్లేని ఈ ప్రోగ్రామ్‌ను ఎవరూ సొంతం చేసుకోలేరు, ఎవరినీ అడ్డుకోలేరు. కాబట్టి అది ఆస్తి కాదని ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2024 నవంబరు 26న తేల్చింది. 2025 మార్చిలో ట్రెజరీ ఆ పేరు తొలగించింది.

తర్కం పదునైనదే. కానీ అది వర్తించేది మధ్యనున్న ప్రోగ్రామ్‌కే. దాని ముందుండే వెబ్‌సైట్ మనుషుల చేతిలోనే ఉంది. రిలేయర్ల జాబితాలో చేరాలంటే టోర్నడో సొంత టోకెన్లు ‘టోర్న్’ జమ పెట్టాలనే పద్ధతి 2022లో వచ్చింది. ఆ టోకెన్లు రూపకర్తల దగ్గరా ఉన్నాయి, వాటి ధర పెరిగితే లాభం వాళ్లకూ. యంత్రం చిక్కకపోయినా, లాభం లెక్క మీదుగా ప్రాసిక్యూటర్లు మనుషుల దాకా వెళ్లగలిగారు. నెదర్లాండ్స్ కోర్టు 2024 మేలో రూపకర్తల్లో ఒకరైన అలెక్సీ పెర్ట్సెవ్‌కు మనీలాండరింగ్ నేరంపై 5 ఏళ్ల 4 నెలల శిక్ష వేసింది. న్యూయార్క్‌లో మరో రూపకర్త రోమన్ స్టార్మ్‌ను 2025 ఆగస్టులో జ్యూరీ లైసెన్సు లేని నగదు బదిలీ వ్యాపారానికి కుట్ర చేశాడంటూ దోషిగా తేల్చింది. మనీలాండరింగ్, ఆంక్షల ఉల్లంఘన అభియోగాలపై మాత్రం ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. ఒకే ప్రోగ్రామ్, రెండు దేశాల్లో రెండు రకాల నేరాలు. నా దృష్టిలో జ్యూరీ తడబాటే నిజాయతీగా ఉంది.

ఈ గొడవ మనకు దూరమేమీ కాదు. 2024 జులైలో మన దేశపు వజీర్ఎక్స్ ఎక్స్ఛేంజీ నుంచి 23 కోట్ల డాలర్ల పైచిలుకు క్రిప్టో చోరీ అయింది. ఆ సొమ్ము టోర్నడో దారి పట్టేనాటికి అమెరికా ఆంక్షలు ఇంకా అమల్లోనే ఉన్నాయి! మన దేశం 2023 మార్చిలో క్రిప్టో సంస్థలను మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చింది. అది ఆఫీసూ, ఖాతాదారుల వివరాలూ ఉన్న సంస్థలకు సరిపోతుంది, యజమాని లేని ప్రోగ్రామ్‌కు కాదు.

పరిశోధకులు మరో దారి వెతికారు. బుటెరిన్ సహరచయితగా 2023లో వచ్చిన పత్రం ప్రకారం, నా సొమ్ము దొంగసొమ్ముల జాబితాలోది కాదని కూడా జీరో నాలెడ్జ్ ప్రూఫ్‌తోనే నిరూపించవచ్చు. ఆ ఆలోచన 2025లో ప్రైవసీ పూల్స్ పేరుతో ఇథీరియంపైకి వచ్చింది. అనుమతించిన సొమ్ముల జాబితాలో ఉన్నవాళ్లు గుట్టుగా తీసుకుంటారు. జాబితాలో చోటు దక్కనివాళ్ల డబ్బు ఎక్కడికీ పోదు. కాకపోతే ఏ అడ్రస్ నుంచి వేశారో ఆ అడ్రస్‌కే, అందరూ చూస్తుండగా వెనక్కి తీసుకోవాలి.