కదిలితే విలువ తగ్గుతుంది

అమెరికా 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో ముద్రించిన మోర్గాన్ వెండి డాలర్లలో లక్షల కొద్దీ నాణేలు బజారు ముఖమే చూడలేదు. వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో పోసి వాటిని ఖజానాల్లో దశాబ్దాల పాటు ఉంచేశారు. అయినా వాటి మీద గీతలూ నొక్కులూ ఉంటాయి. సంచిని ఎత్తి దించినప్పుడల్లా 26.73 గ్రాముల డాలరు పక్క డాలరును కొట్టింది. నాణెం మీది స్వేచ్ఛాదేవత చెంప విశాలంగా, నున్నగా ఉండటంతో దెబ్బ ముందు అక్కడే కనిపిస్తుంది. సేకర్తలు వీటిని బ్యాగ్ మార్కులంటారు. నాణేన్ని గ్రేడింగుకు, అంటే దాని స్థితికి అంకె వేయించడానికి, పంపేటప్పుడు దొంగల గురించి భయపడేవాళ్లే ఎక్కువ. నిజానికి అంతకంటే ముందు భయపడాల్సింది కదలికకు.

గ్రేడింగులో పేరున్న సంస్థల్లో పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో పని మొదలుపెట్టాయి. రెండూ అమెరికావే. 1949లో నాణేల నిపుణుడు విలియం షెల్డన్ పెన్నీల కోసం రూపొందించిన 70 అంకెల కొలమానమే నేటికీ వాటికి ఆధారం. అందులో 60 నుంచి 70 వరకు వాడకంలోకి రాని నాణేలవి. 64కూ 65కూ మధ్య తేడా ఒక్కోసారి ఒకటి రెండు చిన్న గీతలే. అరుదైన సంవత్సరపు నాణెమైతే ఆ ఒక్క అంకెకే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ గీత పార్సిల్‌లో పడిందా, వందేళ్ల కిందట సంచిలో పడిందా అన్నది పరీక్షకుడికి అనవసరం.

అందుకే ఒక్కో నాణేనికి ఒక్కో ఫ్లిప్, అంటే రెండు జేబుల పారదర్శకపు కవరు, వాడాలి. నాణేన్ని అంచులు పట్టుకుని ఒక జేబులో దించి, రెండో జేబులో దరఖాస్తు సంఖ్య, వరుస సంఖ్య రాసిన చీటీ పెట్టాలి. ఫ్లిప్ మైలార్ అనే ప్లాస్టిక్‌ది అయితే మంచిది. అది గట్టిగా ఉంటుంది, నాణేన్ని గీకుతుంది, మెత్తటి పీవీసీయే నయమని కొందరంటారు. మైలార్ గీకే మాట నిజమే కానీ, ఆ ప్రమాదం నాణెం పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ మాత్రమే. చేయి నెమ్మదిగా ఆడిస్తే అది తప్పుతుంది. పీవీసీ అలా కాదు, రోజులు గడిచేకొద్దీ పచ్చటి జిగురు వదిలి లోహాన్నే తింటుంది. స్టేపుల్ పిన్నులు వద్దే వద్దు. ఫ్లిప్‌లను రెండు అట్టముక్కల మధ్య బిగించి, బబుల్ రేపర్ చుట్టి, చిన్న పెట్టెలో పెట్టి, దాన్ని ఇంకో పెట్టెలో ఖాళీ లేకుండా అమర్చాలి. మూసేముందు ఊపి చూడండి. చప్పుడొస్తే మళ్లీ విప్పాల్సిందే. ఇంకో మాట: పంపేముందు నాణేన్ని తోమకండి. తోమిన నాణేనికి మామూలుగా అంకె ఇవ్వరు, ‘డీటెయిల్స్’ అని రాసి పంపుతారు.

బీమా ఉండగా ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. బీమా డబ్బు ఇస్తుంది, గీతను చెరపలేదు. పైగా ప్యాకింగ్ సరిగా లేదని తేలితే పరిహారం కూడా నిలిచిపోవచ్చు. నాణేలకు బీమా వర్తించదనే కొరియర్ సంస్థలూ ఉన్నాయి, నిబంధనలు ముందే చదవాలి. అమెరికాలో ఉన్నవారికి తపాలా రిజిస్టర్డ్ సేవ నమ్మదగ్గది. 50 వేల డాలర్ల దాకా బీమా ఉంటుంది, చేతులు మారిన చోటల్లా నమోదు జరుగుతుంది. పెట్టెకు కాగితపు టేపే వేయాలి. దాని అతుకుల మీద తపాలా ముద్ర గుద్దుతారు కాబట్టి ఎవరైనా విప్పితే తెలిసిపోతుంది. ఆలస్యమవుతుందన్న ఫిర్యాదు సబబే, కానీ 1958లో నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ ప్రఖ్యాత హోప్ వజ్రాన్ని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి పంపింది ఈ రిజిస్టర్డ్ తపాలాలోనే. పెట్టె మీద నాణెం అన్న మాట ఎక్కడా కనిపించకూడదు, సంస్థ పేరు కూడా పొడి అక్షరాల్లోనే రాయాలి.

భారతదేశంలో ఉన్నవారికి ప్యాకింగ్ కంటే ముందు చట్టం ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. తాతగారి పెట్టెలో దొరికిన ఐదో జార్జి వెండి రూపాయిని విదేశానికి పంపాలనుకుంటే ముందు దాని మీది సంవత్సరం చూడండి. వందేళ్లు నిండితే ఆ ఆలోచన మానుకోండి.