క్లోమ కేన్సర్‌లో ప్రొటీన్ సూచికలు – చికిత్సా లక్ష్యాలు: ఒక పరిశీలన

కీలకపదాలు: క్లోమం, సూచిక, లక్ష్యం, సీఏ 19-9, ఈజీఎఫ్‌ఆర్, కేరాస్, బీఆర్‌సీఏ.

ఉపోద్ఘాతం

జఠరం వెనుక అడ్డంగా ఒదిగి ఉండి, జీర్ణరసాలనూ ఇన్సులిన్‌నూ తయారుచేసే గ్రంథి క్లోమం. దీనికి కేన్సర్ వస్తే తొలిదశలో ప్రత్యేక లక్షణాలు కనిపించడం అరుదు. కామెర్లు, బరువు తగ్గడం, నడుమునొప్పి వంటివి బయటపడేసరికి చాలామందిలో వ్యాధి శస్త్రచికిత్సకు లొంగే దశ దాటిపోతుంది. అందుకే రక్తంలోనో, కణితిలోనో వ్యాధి ఆనవాలు చెప్పే అణువుల కోసం అన్వేషణ సాగుతోంది. ఇటువంటి మార్కర్లను తెలుగులో ‘సూచికలు’ అంటున్నాం. అయితే ఈ ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నాయి: వ్యాధిని గుర్తించడం, దాని గతిని గమనించడం, తగిన మందును ఎంచుకోవడం. ఈ మూడింటినీ విడదీసి చూపడమే ఈ వ్యాస లక్ష్యం.

1. రక్తంలోని సూచిక: సీఏ 19-9

ఈ వ్యాధిలో ఎక్కువగా వాడే రక్తపరీక్ష ఇదే. 1979లో అమెరికాలోని విస్టార్ సంస్థలో హిలరీ కొప్రోవ్‌స్కీ బృందం పెద్దపేగు కేన్సర్ కణాలపై చేసిన పరిశోధన దీనికి మూలం. నిజానికిది ప్రొటీన్ కాదు. ప్రొటీన్లకూ కొవ్వులకూ అంటుకొని ఉండే ఒక చక్కెర నిర్మాణం. మిల్లీలీటరుకు 37 యూనిట్ల వరకు ఉంటే సాధారణంగా పరిగణిస్తారు. అయితే పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, క్లోమం వాచినా ఈ విలువ పెరుగుతుంది. మరోవైపు, జన్యు కారణాల వల్ల 5 నుండి 10 శాతం మందిలో ఈ అణువు దాదాపు తయారే కాదు. కనుక విలువ పెరిగినంత మాత్రాన కేన్సర్ ఉన్నట్టు కాదు. పెరగనంత మాత్రాన లేనట్టూ కాదు. వ్యాధి నిర్ధారణ అయినవారిలో చికిత్స పనిచేస్తున్నదా, వ్యాధి తిరగబెట్టిందా అని గమనించడానికే ఇది ఎక్కువగా ఉపకరిస్తుంది.

2. కనిపించినదంతా లక్ష్యం కాదు: ఈజీఎఫ్‌ఆర్

కణం ఉపరితలంపై ఉండి, పెరగమనే సంకేతాన్ని అందుకునే ప్రొటీన్ ఈజీఎఫ్‌ఆర్. క్లోమ కణితులలో ఇది తరచుగా అధికంగా కనిపిస్తుంది. దీన్ని అడ్డుకునే ఎర్లోటినిబ్‌ను జెమ్‌సైటబిన్‌తో కలిపి ఇవ్వడానికి 2005లో అమెరికాలో అనుమతి లభించింది. కాని రోగుల మధ్యగత జీవితకాలం 5.91 నెలల నుండి 6.24 నెలలకు మాత్రమే పెరిగింది. అంటే దాదాపు పది రోజులు. ఒక ప్రొటీన్ కణితిలో ఉండటం వేరు, కణితి దానిపై ఆధారపడి బతకడం వేరు అనే సత్యాన్ని ఈ ఫలితం గుర్తుచేస్తుంది.

3. కణితిని నడిపించే ప్రొటీన్: కేరాస్

ఈజీఎఫ్‌ఆర్ అందుకున్న సంకేతాన్ని కణం లోపలికి చేరవేసే మీట కేరాస్. సుమారు 90 శాతం క్లోమ కేన్సర్లలో దీని జన్యువు మార్పు చెంది ఉంటుంది. అప్పుడు పైనుండి సంకేతం రాకపోయినా మీట వేసినట్టే ఉండిపోతుంది. ఉపరితలాన్ని అడ్డుకున్నా ఫలితం స్వల్పం కావడానికి ఇదొక ముఖ్య కారణంగా భావిస్తారు.

మందు అతుక్కునే చోటు లేని నునుపైన ప్రొటీన్‌గా కేరాస్‌ను దశాబ్దాలపాటు భావించారు. జీ12సీ అనే మార్పు గల కేరాస్‌లో అటువంటి చోటు ఉందని 2013లో కెవాన్ షోకాట్ బృందం చూపింది. 2021లో సోటోరాసిబ్‌కు ఊపిరితిత్తుల కేన్సర్‌లో అనుమతి వచ్చింది. తరువాత 38 మంది క్లోమ కేన్సర్ రోగులపై పరీక్షించగా 8 మందిలో కణితి గణనీయంగా తగ్గింది. అయితే జీ12సీ మార్పు క్లోమ కేన్సర్లలో 1–2 శాతంలోనే ఉంటుంది. అధికంగా కనిపించే జీ12డీ మార్పుపై పరిశోధనలు సాగుతున్నాయి.

4. లోపమే లక్ష్యమైన వేళ: బీఆర్‌సీఏ

తెగిన డీఎన్‌ఏను సరిచేసే ప్రొటీన్లు బీఆర్‌సీఏ వర్గానివి. ఇవి లోపించిన కణితి, పార్ప్ అనే మరో మరమ్మతు ఎంజైముపై ఆధారపడుతుంది. దాన్నీ అడ్డుకుంటే కణితి కణం నశిస్తుంది. ఈ సూత్రంపై పనిచేసే ఓలాపరిబ్‌కు, వంశపారంపర్యంగా బీఆర్‌సీఏ మార్పు ఉన్న క్లోమ కేన్సర్ రోగుల కోసం 2019లో అమెరికాలో అనుమతి లభించింది. వ్యాధి ముదరకుండా నిలిచిన కాలం 3.8 నెలల నుండి 7.4 నెలలకు పెరిగినా, మొత్తం జీవితకాలంలో స్పష్టమైన తేడా కనిపించలేదు.

ముగింపు

పై ఉదాహరణలను బట్టి గుర్తింపు సూచిక, గమన సూచిక, చికిత్సా సూచిక అని మూడు మాటలుగా వాడటం సముచితం. ఇది పారిభాషిక పదాల పట్టింపు మాత్రమే కాదు. ‘మార్కర్ పెరిగింది’ అన్న ఒక్క వాక్యం చదివి ఒక కుటుంబం ఆశ వదులుకోవచ్చు. ‘మార్కర్ మామూలుగానే ఉంది’ అన్న వాక్యం నమ్మి మరొక కుటుంబం తదుపరి పరీక్షలు మానుకోవచ్చు. చేతిలోని పరీక్ష ఏ ప్రశ్నకు సమాధానమో వైద్యుని అడిగి తెలుసుకోవడానికి అనువైన మాటలను సమకూర్చడం తెలుగు వైజ్ఞానిక రచన బాధ్యత.