పనిలేని బ్యాటరీ చేయు పని

ప్రొద్దుటూరులో పదవ తరగతి పిల్లలకు విద్యుత్తు పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "సార్, మా నాయన కువైట్‌కు పోతా బండికి కవరు కప్పి పెట్టిపోయినాడు. ఎవురూ తోల్లేదు, లైటు గూడా ఎయ్యలేదు. మల్ల బ్యాటరీలో ఛార్జి యాడికి పాయ సార్?" అని అడిగెను. ఘటము పనిచేయు విధమునే గాని, పనిచేయకుండు కాలమున దాని గతి యేమో మన పాఠ్యపుస్తకములు విచారింపవు. ప్రశ్న మాత్రము ఈ సీమకు మిక్కిలి తగినది. మంచు కురియు దేశములలో చలికాలమంతయు మోటారు సైకిళ్లను కొట్టములలో దాచియుంచుదురు. మనకు అట్టి శీతకాలము లేదు గాని, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వీధులలో గల్ఫుకు పోయినవారి బండ్లు రెండేసి యేండ్లు వసారాలలో దుమ్ముపట్టి నిలిచియుండును. వాటి శీతకాలములో మే నెల కూడ ఇమిడియున్నది.

ఛార్జి యెక్కడికో పోలేదు. పెట్టెలోనే రూపు మార్చుకొన్నది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు, అనగా ఘటములు, ఉండును. ప్రతి గదిలోను సీసపు పలకలు, సీసపు డయాక్సైడు పలకలు, వాటి నడుమ నీరు కలిపిన గంధకికామ్లము. 1859లో గాస్టన్ ప్లాంటే యను ఫ్రెంచి పండితుడు రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగులకుండ చుట్టి ఆమ్లములో ముంచి, నెలల తరబడి విద్యుత్తును నింపుచు, తీయుచు వానిని పదునుపెట్టెను. 1881లో కమీల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్దను పలకలకు పూసి ఆ శ్రమను తప్పించెను. చరిత్ర యింతతో చాలును. నన్ను నేటికిని ఆశ్చర్యపరచునది వేరొకటి. ఒక్కొక్క గది 2 వోల్టులకు పైగా ఇచ్చును. నీటిని ఉదజని, ఆమ్లజనులుగా విడదీయుటకు సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలును. అనగా ఈ ఘటము తనలోని నీటిని తానే విడదీసికొనుచు, కొన్నవాడు ఇల్లు చేరక పూర్వమే వట్టిపోవలసినది! అట్లు పోకుండుటకు కారణమేమనగా, సీసముపై ఉదజని బుడగ పుట్టుట అత్యంత మందగతిని జరుగును. డయాక్సైడుపై ఆమ్లజని పుట్టుటయు నట్టిదే. ఈ మాంద్యమే బ్యాటరీకి ఆయువు.

మాంద్యమే గాని విరామము కాదు. తీగ విప్పి మూలనుంచినను ఈ చర్య సాగుచునే యుండును. 25 డిగ్రీలవద్ద నెలకు నూటికి మూడు మొదలు ఐదు పాళ్ల వరకు ఛార్జి తరిగిపోవును. వేడి పది డిగ్రీలు పెరిగినకొలది ఆ తరుగుదల ఇంచుమించు రెట్టింపగును. కావున 35 డిగ్రీలకు రెండింతలు, 45 డిగ్రీలకు నాలుగింతలు. చలిదేశపు బండియందు చల్లదనమే తరుగుదలను అడ్డగించును. అచ్చటి భయము వేరు, వట్టిపోయిన బ్యాటరీలోని పలుచని ఆమ్లము గడ్డకట్టి పెట్టెను పగులగొట్టవచ్చును. మన భయము వేసవియే. దీనికి తోడు బండి గడియారము 2 మిల్లీ ఆంపియర్లు మాత్రమే లాగుచున్నదనుకొన్నను, నెలకు దాదాపు ఒకటిన్నర ఆంపియర్-గంటలగును. 5 ఆంపియర్-గంటల బ్యాటరీ అట్టి దోపిడిని నాలుగు నెలలు తట్టుకొనజాలదు.

ఛార్జి తరిగిన కొలది ఆమ్లములోని గంధకభాగము పలకలను చేరి సీసపు సల్ఫేటుగా మారును; ద్రవపు సాంద్రత 1.28 నుండి 1.12 వరకు దిగజారును. బ్యాటరీ షాపువాడు హైడ్రోమీటరు ముంచి చూచునది దీనినే. అప్పుడే ఏర్పడిన సల్ఫేటు సన్నని పొడి. వెంటనే ఛార్జికి పెట్టినచో తిరిగి సీసముగాను, సీసపు డయాక్సైడుగాను మారును. ఆలస్యమైనచో చిన్న స్ఫటికములు కరగి పెద్దవానిపై పేరుకొని పెరుగును. విల్హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ ఈ స్వభావమును వివరించెను. చక్కెర పాకము నిలిచి పటికబెల్లమైనట్లు సల్ఫేటు గట్టిపడి పలకల రంధ్రములను మూసివేసిన పిమ్మట ఎంత ఛార్జి పెట్టినను ప్రయోజనముండదు.

ఇచ్చట ఒక లోకవాదమును విచారింపవలెను. బ్యాటరీని బండపై పెట్టినచో బండ ఛార్జిని లాగివేయునని మెకానిక్కులు చెక్కపలకను వేయుదురు. జమ్మలమడుగు నాపబండలు పరచిన ఇండ్లలో ఈ నియమము కష్టసాధ్యమే! కొయ్యతోను గట్టి రబ్బరుతోను పెట్టెలు చేసిన కాలమున తడిసిన పెట్టె గుండ విద్యుత్తు కారుట సంభవమై యుండెను. నేటి ప్లాస్టిక్ పెట్టెకు ఆ భయము లేదు. పైగా నాపబండ చల్లదనము దానికి మేలే.

థామస్ ఎడిసన్ ఈ సీసపు ఘటముతో వైరమే పూనెను. విద్యుత్తు కార్ల కొఱకు ఇనుము, నికెలు పలకలను క్షారద్రవములో నుంచి అతడు చేసిన ఘటము మొదట కారిపోయి అపకీర్తిపాలై, 1910 నాటికి బాగుపడెను. దాని గొప్పతనమేమనగా, వట్టిపోయిన స్థితిలో ఏండ్ల తరబడి మూలన పడవేసినను చెడదు: మన కువైట్ యాత్రికులకు అంతకంటె కావలసినదేమి? కాని అది చలికి బలహీనము, క్షణకాలము మహాప్రవాహము నియ్యజాలదు. 1912 నాటి కాడిలాక్ కారునకు చార్లెస్ కెటరింగ్ అమర్చిన స్టార్టరుకు ఆ మహాప్రవాహమే అవసరము. సీసము దాని నిచ్చి గెలిచెను. ఎడిసన్ నమ్మిన విద్యుత్తు కారు ఓడెను. చలి యెరుగని పులివెందులలో పరీక్షలు జరిగియుండినచో అతని ఘటమునకు ఒక దోషమైనను తగ్గియుండెడిది.

తరువాతి కథ స్వల్పము. గట్టితనము కొఱకు సీసములో కలిపిన ఆంటిమొనీ తరుగుదలను వేగిరపరచుచుండుటచే దాని స్థానమున కాల్షియము వచ్చెను. నీరు పోయనక్కఱలేని మూతబ్యాటరీలు వచ్చెను. ఇప్పుడు లిథియము వచ్చుచున్నది. పూర్వపు బండ్లు బ్యాటరీ నీరసించినను కిక్కుకొట్టిన ఎట్లో లేచెడివి. 2020 తరువాతి బండ్లలో పెక్కింట పెట్రోలు పంపునకును, దానిని చిమ్ము కంప్యూటరునకును విద్యుత్తే ఆధారము. పలు బండ్లకు కిక్కురాడ్డే లేదు.

కావున గల్ఫు ప్రయాణమునకు ముందు బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయించి తీగలు విప్పవలెను, నెగటివ్ తీగ మొదట. బండి చట్రమంతయు నెగటివుతో కలిసియుండును గనుక, పాజిటివ్ విప్పునపుడు స్పానరు చట్రమునకు తగిలినచో నిప్పులు చిమ్మును. వేసవిలో నెలకొకసారి, మిగిలిన కాలమున రెండు నెలలకొకసారి ఛార్జికి పెట్టిన చాలును. ఇంటివారు వారమునకొకసారి బండిని లేపి రెండు నిమిషములుంచి ఆపుచుందురు. దానివలన మేలుకంటె కీడే యెక్కువ, ఏలయన స్టార్టరు వాడిన ఛార్జి అంత స్వల్పకాలమున తిరిగి చేరదు, ఇంజను వేడెక్కకముందే ఆపుటచే మండిన పెట్రోలునుండి పుట్టిన నీరు సైలెన్సరులో నిలిచి తుప్పు పట్టించును.