గాలి ఎవరి సొత్తు?

“గాలికి పోయిన పేలపిండి కృష్ణార్పణం” అన్నది మన సామెత. పిండిని ఎగురగొట్టుకొనిపోయే గాలినే ఆ సామెత ఎరుగును. ఆ గాలిచేతనే పిండి విసిరించుకొన్న పల్లెలు ఇంగ్లండు దేశపు తూర్పుతీరాన ఉన్నవి. ఆ సీమ పేరు సఫోక్. అక్కడ పెద్ద కొండలు లేవు. ఏరులు మెల్లగా పారును. ఉత్తరసముద్రం మీదుగా వచ్చే గాలికి మాత్రం కొదువ లేదు. గోధుమ పండే ఆ నేలమీద ఏడువందల ఏండ్లకు పైగా గాలిమరలు తిరిగినవి. వాటి కథ ఒక తగాదాతో మొదలుపెట్టుట న్యాయం.

సఫోక్‌లోని బరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణంలో ఆ కాలాన గొప్ప క్రైస్తవ మఠం ఒకటి ఉండేది. దానికి అధిపతి శాంసన్. మఠానికి సొంత మరలున్నవి. ధాన్యం విసిరినందుకు వచ్చే రాబడి మఠానిదే. 1191లో హెర్బర్ట్ అనే మతాధికారి తన నేలలో ఒక గాలిమర కట్టించుకొన్నాడు. ఆ వార్త విని శాంసన్ మండిపడినాడు. మర నేలకూలే వరకు రొట్టె ముట్టనని ఒట్టుపెట్టుకొన్నాడు. హెర్బర్ట్ వచ్చి తన వాదం వినిపించినాడు: గాలి వల్ల కలిగే లాభాన్ని ఏ మనిషికీ కాదనరాదు, పైగా తాను విసురుకొనేది తన గింజలే. శాంసన్ వినలేదు. పట్టణజనమంతా నీ మరకే వస్తారు, వారు స్వతంత్రులు గనుక నేను వారిని దండింపలేను, నా మరలకు నష్టం వస్తుందన్నాడు. హెర్బర్ట్ తన కుమారుని సలహాపై తానే ముందుగా మరను విప్పించివేసినాడు. మఠపు సేవకులు వచ్చి చూస్తే పడగొట్టుటకు అక్కడ ఏమీ మిగులలేదు. ఈ వృత్తాంతాన్ని ఆ మఠంలోనే ఉన్న జోసెలిన్ అనే సన్న్యాసి లాటిన్ భాషలో వ్రాసిపెట్టినాడు.

ఆ మర పోయినది గాని గాలిమరల విద్య పోలేదు. తొలినాటి మరల నిర్మాణం చిత్రమైనది. నేలలో గట్టిగా నిలిపిన ఒక లావుపాటి కంబంపై, రెక్కలు, పళ్ళచక్రాలు, మరరాళ్ళు అన్నిటితో కూడిన కొయ్యగది మొత్తం నిలిచి ఉండును. గాలి దిక్కు మారినప్పుడెల్ల మరవాడు వెనుకనున్న పొడవాటి దూలాన్ని పట్టి ఆ గదినంతటినీ త్రిప్పి, రెక్కలను గాలికి ఎదురుగా నిలుపవలెను. ఏమరుపాటున గాలి వెనుకనుండి కొట్టెనా, మరే విరిగిపడవచ్చును. తుపానులో రెక్కలను ఆపబోతే ఒరిపిడికి నిప్పు పుట్టి మర తగులబడవచ్చును. గాలి అర్ధరాత్రి లేచినచో అర్ధరాత్రే విసురవలెను. గాలి లేని దినాలలో రాళ్ళను విప్పి, అరిగిన గాట్లకు మళ్ళీ కక్కు కొట్టుకొనవలెను. ఇంత శ్రమకు ప్రతిఫలంగా, మన పల్లెలలో వడ్రంగికి ఇచ్చిన మేర వలె, విసిరిన ధాన్యంలో కొంతభాగం పుచ్చుకొనుట చాలాకాలం ఆచారం. ఆ భాగం కొలిచేది అతడే గనుక, మరవాడు దొంగ అన్న అపవాదు కూడ అతనిని వదలలేదు.

పదునెనిమిదవ శతాబ్దంలో ఈ కష్టం కొంత తగ్గినది. 1745లో ఎడ్మండ్ లీ అనునతడు మరవెనుక చిన్న గాలిచక్రాన్ని అమర్చి, రెక్కలు తామే గాలికి ఎదురుతిరిగే ఉపాయం కనిపెట్టినాడు. 1807లో విలియం క్యూబిట్, గాలి ఒత్తిడినిబట్టి తెరుచుకొని మూసుకొనే పలకల రెక్కలను తయారుచేసినాడు.

మరవాని బ్రతుకంతా ఆకాశాన్ని చదువుటయే. ఆ చదువు ఒక మహాచిత్రకారుని కూడ తీర్చిదిద్దినది. జాన్ కాన్‌స్టబుల్ 1776లో సఫోక్‌లోని ఈస్ట్ బెర్గోల్ట్ గ్రామంలో మరల యజమాని ఇంట పుట్టినాడు. యౌవనంలో సుమారు ఏడాదిపాటు తండ్రి గాలిమరలో పనిచేసినాడు. 1792 అనే సంవత్సరంతో తన పేరును ఆ మర కొయ్యపై చెక్కుకొన్నాడు. ఆయన చిత్రాలలోని మేఘాలు కేవలం అలంకారాలు కావు. వాన తెచ్చే మేఘమేదో, గాలి తెచ్చే మేఘమేదో తెలిసినవాని మేఘాలు. జాన్ గీసిన మరను చూస్తే అది నిజంగా తిరుగుతుందని తోచునని ఆయన తమ్ముడు అనేవాడట.

పందొమ్మిదవ శతాబ్దం చివర ఉక్కురోలర్ల మిల్లులు వచ్చినవి. విదేశపు గోధుమ ఓడలలో దిగే రేవులలోనే తెల్లని పిండి చవుకగా తయారుకాసాగినది. పల్లెలోని మరవానికి పశువుల దాణా విసురుటయే మిగిలినది. సాక్స్‌టెడ్ గ్రీన్ గ్రామంలోని గాలిమర 1796 నాటికే ఉన్నట్లు దాఖలా కలదు. అది మొదటి ప్రపంచయుద్ధం నాటికి పిండి విసురుట మాని, 1947 వరకు దాణా విసిరి ఆగిపోయినది. నేడు దానిని చారిత్రక చిహ్నంగా కాపాడుచున్నారు.

అయితే ఆ తీరాన గాలి పని మానలేదు. సఫోక్‌కు ఎదురుగా సముద్రంలో 2020లో పూర్తియైన ‘ఈస్ట్ ఆంగ్లియా వన్’ క్షేత్రంలో 102 పెద్ద గాలిమరలు తిరుగుచు విద్యుత్తు పుట్టించుచున్నవి. అక్కడ మర నాటవలెనన్నచో సముద్రపు అడుగునేలపై హక్కుగల ‘క్రౌన్ ఎస్టేట్’ సంస్థ వద్ద కౌలు పొందవలెను. గాలి ఎవరిదీ కాదు. మర నిలిచే చోటుకు మాత్రం ఎప్పుడూ ఒక యజమాని ఉన్నాడు. మన రామగిరి కొండలమీద తిరిగే గాలిమరలను చూపి పాఠం చెప్పే ఉపాధ్యాయుడు వాటి యంత్రశాస్త్రంతోపాటు హెర్బర్ట్ వాదాన్ని కూడ ఒకసారి తరగతి ముందుంచవలెను. ఎనిమిదివందల ఏండ్లనాటి ఆ వ్యాజ్యంలో తీర్పు చెప్పుట విద్యార్థుల వంతు.