జావా పల్లెలో ఒక మడికి ఎందరు హక్కుదారులు?

జావా ద్వీపం విస్తీర్ణంలో నేటి ఆంధ్రప్రదేశ్ కంటె చిన్నది. పక్కనున్న మదురా ద్వీపాన్ని కలుపుకొన్నా సుమారు 1.3 లక్షల చదరపు కిలోమీటర్లకు మించదు. 2020 జనగణన నాటికి అక్కడి జనాభా మాత్రం 15 కోట్లు దాటింది. ఇండోనేషియా ప్రజలలో సగానికి పైగా ఈ ఒక్క ద్వీపంలోనే నివసిస్తున్నారు. అర హెక్టారుకు లోబడిన కమతం గల సేద్యగాడిని అక్కడ 'పెతాని గురెమ్' అంటారు. గురెమ్ అనగా కోడిని పట్టే సన్నని పేను. ప్రభుత్వ గణాంక నివేదికలు సైతం ఈ మాటనే వాడుతుండడం గమనార్హం.

అగ్నిపర్వత భస్మంతో సారవంతమైన నేల, మెట్లు మెట్లుగా దిగివచ్చే వరిమళ్లు, కొబ్బరి, అరటి, పనస, పసుపు, కర్రపెండలం కలగలిసి పెరిగే 'పెకరంగన్' అనే పెరటి తోటలు బయటివారిని విశేషంగా ఆకర్షిస్తున్నాయి. నివసించడానికి వచ్చేవారు, పొలంలో సొమ్ము మదుపు చేయదలచేవారు, రెండు రోజులు గడిపి వెళ్లే యాత్రికులు, ఈ ముగ్గురూ సాధారణంగా పొలాన్ని చూడగానే వేసే ప్రశ్న ఒక్కటే: దీని యజమాని ఎవరు? జావా పల్లెను అర్థం చేసుకోవడానికి ఈ ప్రశ్న చాలదు. పట్టా ఒకరి పేరిట ఉన్నప్పటికీ పంటలో వాటా, పనిలో హక్కు అనేకులకు ఉండడం అక్కడి ఆచారం.

ఈ హక్కులు కోతల కాలంలో స్పష్టంగా కనిపిస్తాయి. పూర్వం వరిని 'అని-అని' అనే చిన్న కత్తితో, అరచేతిలో ఇముడ్చుకొని, ఒక్కొక్క వెన్నుగా కోసేవారు. ఈ పని ప్రధానంగా స్త్రీలది. కోతకు వచ్చిన ఇరుగుపొరుగువారిని వెనక్కు పంపడం మర్యాద కాదు. కోసిన ధాన్యంలో నిర్ణీత భాగం వారికి కూలిగా దక్కేది. ఆ భాగాన్ని 'బావొన్' అంటారు. మన పల్లెల్లో చేతివృత్తులవారికి కళ్లంలో కొలిచి ఇచ్చిన మేర దీనికి దగ్గరి పోలిక. అయితే మేర ఏడాది పొడవునా చేసిన సేవకు ప్రతిఫలం కాగా, బావొన్ ఆ రోజు కోతకు మాత్రమే చెల్లేది.

1960ల చివర పొట్టి వరి రకాలు, వాటి వెంట ఎరువులు, పరపతి వచ్చాయి. పొట్టి మొక్కను కొడవలితో కోయడమే సులువు. ఇదే కాలంలో 'తెబాసన్' పద్ధతి విస్తరించింది. కోతకు వారం పది రోజుల ముందే నిలిచి ఉన్న పైరును వర్తకుడికి గుత్తగా అమ్మివేయడమే తెబాసన్. వర్తకుడు తన ముఠాను వెంట తెచ్చుకుంటాడు. ఇరుగుపొరుగువారిని పిలవవలసిన బాధ్యత అతనికి లేదు. ఆ బాధ్యతను తానుగా కాదనలేని రైతుకు గుత్త బేరం మర్యాదగా తప్పుకునే దారి చూపింది. విలియం కొలియర్, గునవాన్ విరాది, సొయెంతొరో 1973లో ప్రచురించిన పరిశీలన ఈ మార్పునే నమోదు చేసింది. దాదాపు అదే సమయంలో చిన్న బియ్యపు మిల్లులు రాగా, రోకటి దంపుడుతో స్త్రీలకు లభించే కూలి కూడా పోయింది. దిగుబడి పెరుగుదలను లెక్కించిన పట్టికలలో ఈ నష్టానికి వరుస లేదు.

ఎక్కువమందికి తలా కొంత పని పంచే ఈ వ్యవస్థను మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1963లో 'పంచుకున్న పేదరికం'గా అభివర్ణించాడు. ఆ మాట ప్రసిద్ధికెక్కింది కాని పూర్తి సత్యం కాదు. పంచుకున్నవారందరి వాటా సమానం కాదు. పశ్చిమ జావాలో 'చెబ్లొకన్' పద్ధతి ఇందుకు తార్కాణం. కూలీ నాట్లు, కలుపుతీత ఉచితంగా చేస్తే ఆ మడిలో కోత హక్కు, పంటలో ఐదో వంతో ఆరో వంతో అతనికి ఉంటుంది. పని ఖాయమవుతుంది. అయితే ఆ పాత వాటా కోసమే ఇప్పుడు అదనపు చాకిరీ చేయవలసి వస్తుంది.

మదుపు చేయదలచేవారు ముందుగా 1960 నాటి ప్రాథమిక వ్యవసాయ భూచట్టాన్ని తెలుసుకోవాలి. సంపూర్ణ యాజమాన్య హక్కు ఇండోనేషియా పౌరులకే పరిమితం. విదేశీయుడు స్థానికుని పేరిట భూమి కొనిపించుకుంటే ఆ లావాదేవీ చెల్లదు. వ్యవసాయ భూమి గలవారు దానిని స్వయంగా సాగు చేయాలని ఆ చట్టం కోరుతుంది. యజమాని పొలమున్న ఉపజిల్లాలోనే నివసించాలని 1961 నిబంధన చెబుతుంది. నగరవాసుల చేతికి పొలాలు చేరడాన్ని ఈ నిబంధన అన్నిచోట్లా ఆపలేదనేది వేరే సంగతి.

1960లోనే పాలుసాగుకు ప్రత్యేక చట్టం చేశారు. ఒప్పందం రాతపూర్వకంగా, గ్రామాధికారి ఎదుట జరగాలి. మాగాణికి కనీసం మూడేళ్లు, మెట్టకు ఐదేళ్లు గడువు ఉండాలి. ఆచరణలో 'మారో' అనే సగపాలు గాని, సాగుదారుకు మూడో వంతు మాత్రమే మిగిల్చే 'మెర్తెలు' గాని నోటిమాట మీదనే సాగుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం అమలును దగ్గరగా చూసినవారికి ఈ స్థితి కొత్తగా తోచదు. కాగితం మీద సంతకం పెట్టడానికి యజమాని జంకుతాడు. పొలం చేజారుతుందని కౌలుదారు అడగలేడు. స్వాధీన తాకట్టు విషయంలో జావా రైతుకు మరింత బలమైన రక్షణ ఉంది: ఏడేళ్లు అనుభవించిన పొలాన్ని తాకట్టుదారు సొమ్ము తిరిగి కోరకుండానే అప్పగించాలి. ఈ నిబంధన తెలిసిన అప్పులవాడు అరుదు.

గ్రామోద్యోగులకు జీతానికి బదులుగా కేటాయించిన 'బెంగ్‌కొక్' భూములు మన పాత సర్వీసు ఇనాములను తలపిస్తాయి. గ్రామ ఖజానాకు చెందిన భూములు మరొక తరగతి. యోగ్యకర్తలో ఇటువంటి భూమిపై అనుమతికి విరుద్ధంగా ఇళ్లు నిర్మించి అమ్మిన వ్యవహారం 2023లో న్యాయస్థానానికి చేరింది. అందమైన పొలం నడుమ చవకగా వచ్చే విల్లా విషయంలో మొదట విచారించవలసినది ఆ భూమి తరగతిని.

నివాసం సంగతి కొంత సులువు. కొత్తగా వచ్చినవారు 24 గంటలలోగా వాడ పెద్దకు తెలియజేయాలని పలకలు కనిపిస్తాయి. పురుషులు వంతులవారీగా రాత్రి గస్తీ తిరుగుతారు. ఇల్లు కట్టేటప్పుడు పొరుగువారు చేసే సాయం 'సంబతన్', విందు వంటలో స్త్రీల సాయం 'రెవాంగ్'. పెళ్లిళ్లకు ఇచ్చే 'న్యుంబాంగ్' అచ్చం మన చదివింపులే. తీసుకున్నది తిరిగి ఇవ్వక తప్పదు. మన ఆషాఢంలాగా జావా వారికి సురో మాసంలో పెళ్లిళ్లు ఉండవు. బెసార్ మాసంలో మాత్రం చదివింపులకే చిన్న రైతు అప్పు చేయవలసి వస్తుంది. కుటుంబ వ్యయాన్ని సర్వే చేసే విద్యార్థి ఈ పద్దును విడిచిపెట్టరాదు.

పర్యటన ఆదాయం ఎవరికి చేరుతుందన్నది గ్రామ సంస్థ నిర్మాణంపై ఆధారపడుతుంది. గునుంగ్‌కిదుల్ జిల్లాలోని న్‌గ్లాంగెరాన్ గ్రామానికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు లభించింది. క్లాతెన్ జిల్లాలోని పొంగొక్ గ్రామం 2009లో సొంత సంస్థను నెలకొల్పి, ఊరి ఊటకొలనును ఆదాయ వనరుగా మలచుకుంది. 2014 గ్రామ చట్టం ఇటువంటి సంస్థలకు ఊతమిచ్చింది. ఇక్కడ ఆస్తి ఊరిది గనుకనే లాభం ఊరికి అందింది.

విస్తరణ శాస్త్రవేత్తలకు జావాతో పాత చుట్టరికం ఉంది. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి ప్రకటించుకున్న ఇండోనేషియాను స్వల్ప కాలంలోనే సుడిదోమ దెబ్బతీసింది. మందులు మిత్ర కీటకాలను చంపడమే దోమ విజృంభణకు హేతువని తేలగా, 1986లో అధ్యక్షుని ఆదేశంతో 57 రకాల పురుగుమందులను వరిపై నిషేధించారు. 1989లో మధ్య జావా ప్రాంతంలో రైతు క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. మన పొలంబడికి మూలం అదే. వారం వారం మడిలో దిగి పురుగులను లెక్కించి, బొమ్మ గీసి, నిర్ణయం తానే తీసుకునే రైతును ఆ పాఠశాల తయారు చేసింది. సేద్యం నిర్ణయాలు ఎవరి చేతిలో ఉన్నాయో వారే సహజంగా ఆ బడిలో కూర్చున్నారు. కోతకు వచ్చే స్త్రీకి గాని, చెబ్లొకన్ కూలీకి గాని అక్కడ చర్చించదగిన మడి లేదు.

ఇప్పుడు వరికోత యంత్రాలు జావా మాగాణులలోకి కూడా ప్రవేశిస్తున్నాయి. కూలీలు దొరకడం లేదని యజమానులు చెప్పే మాటలో నిజముంది. యువకులు నగర కర్మాగారాలకు తరలిపోయారు. మిగిలినవారిలో నడివయస్సు దాటిన స్త్రీలే ఎక్కువ. కోత ముగిసిన మడిలో రాలిన వెన్నులు ఏరుకొనడాన్ని అక్కడ 'న్గసాక్' అంటారు. మన పరిగె ఏరుకోవడం వంటిదే. ఆ గింజలపై యజమాని హక్కు కోరడు. కొడవలి కోత, కుప్ప నూర్పిడి జరిగిన చోట గడ్డిని మళ్లీ దులుపుకొని ఆమె కొంత ధాన్యం ఇంటికి తీసుకువెళ్లేది. యంత్రం గడ్డిని ముక్కలు చేసి మడి పొడవునా చల్లి వెళుతుంది. దులపడానికి కుప్ప ఉండదు. యంత్రపు అద్దెను, ఆదా అయిన కూలిని లెక్కించే ఆర్థిక విశ్లేషణలో ఆమె సంచిలోని ధాన్యాన్ని కూడా తూచి చేర్చడం కష్టమైన పనేమీ కాదు. కోతనాటి సాయంత్రం గట్టు మీద ఒక చిన్న కాటాతో నిలబడితే చాలు.